గెల రైతుది, లెక్క కంపెనీది
ఆయిల్ పామ్ జోన్లలో నూనె శాతంపై తీరని తగవు

ఏలూరు: మెట్ట మండలాల్లో ఆయిల్ పామ్ గెల కోసిన రైతుకు అమ్ముకోవడానికి ఒకే గుమ్మం ఉంటుంది. తన మండలాన్ని ప్రభుత్వం ఏ కంపెనీకి కేటాయించిందో ఆ కంపెనీకే గెలలు తోలాలి. ధాన్యమైతే ఒక మిల్లరు ధర నచ్చకపోతే మరో మిల్లరును చూసుకోవచ్చు. పొగాకుకు వేలం ఉంది. గెలకు ఆ వెసులుబాటు లేదు. ప్రభుత్వం, కంపెనీ, రైతు కలిసి నడుపుతున్న ఈ ఏర్పాటుకు మూడు దశాబ్దాలు దాటింది. కొనేవాడు ఉంటాడా అన్న భయం తీరింది గాని, లెక్క దగ్గర తగవు మాత్రం తీరలేదు.

చట్టం ఏం చెబుతోంది?

ఈ జోన్ల పద్ధతికి మూలం 1993లో రాష్ట్రం చేసిన ఆయిల్ పామ్ చట్టం. దాని ప్రకారం మండలాలను ఫ్యాక్టరీ జోన్లుగా విభజించి కంపెనీలకు అప్పగించారు. కంపెనీ నర్సరీ పెంచి మొక్కలివ్వాలి, సాగులో సలహాలు చెప్పాలి, ఫ్యాక్టరీ నడపాలి, జోన్‌లో పండిన గెలలు కొనాలి. ప్రభుత్వం మొక్కలకు, తొలి నాలుగేళ్ల పోషణకు సబ్సిడీ ఇస్తుంది, ధర నిర్ణయిస్తుంది. భూమి, బోరు నీరు, కష్టం రైతువి.

ఈ కట్టడి ఊరికే పెట్టింది కాదు. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యమైతే కాయలో ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. దగ్గరలో ఫ్యాక్టరీ లేని ఊళ్లో ఈ తోట వేసి లాభం లేదు. గెలలు వస్తాయన్న హామీ లేనిదే కోట్లు పోసి ఫ్యాక్టరీ కట్టేవారూ ఉండరు. అందుకే ఇద్దరినీ చట్టంతో ముడివేశారు.

కోకోతో పోల్చి చూస్తే

ఆ ముడి విలువ 2025లో కోకో రైతులకు తెలిసివచ్చింది. ఇదే ప్రాంతంలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా కోకో వేశారు. 2024లో ప్రపంచ మార్కెట్ ఎగబాకడంతో గింజలకు మంచి ధర పలికింది. మరుసటి ఏడాది మార్కెట్ జారగానే కంపెనీలు కొనుగోళ్లు తగ్గించాయి. గింజలు ఇళ్లలో నిల్వ ఉండిపోయాయి. రైతులు రోడ్డెక్కారు. చివరికి నిల్వ గింజలను కంపెనీలు కిలో రూ.450కి కొనేట్టు, మరో రూ.50 ప్రభుత్వం కలిపేట్టు ఏర్పాటు జరిగింది. పంట చేతికొచ్చాక చేసిన బేరం అది. ఆయిల్ పామ్‌లో కొనుగోలు బాధ్యత ముందే చట్టంలో ఉంది. ఈ మేరకు గెల రైతు మేలే.

ఒక్క శాతం తేడా ఎంత?

అసలు పేచీ నూనె శాతం దగ్గర. గెలల నుంచి ఎంత శాతం నూనె వస్తుందన్న దానిమీదే ధర కడతారు. ఈ శాతం ఏ రైతు గెలకు ఆ రైతుకు విడిగా తీసేది కాదు. ఫ్యాక్టరీలో ఆడిన గెలలు, వచ్చిన నూనె చూసి తేల్చేది. ఒక్క శాతం తేడా అంటే టన్ను గెలలకు 10 కిలోల నూనె. కిలో రూ.100 లెక్కన వెయ్యి రూపాయల సరుకు. ఎకరాకు 8 టన్నుల దిగుబడి వచ్చే ఐదెకరాల తోటలో ఏడాదికి అది రూ.40 వేల సరుకు అవుతుంది. అందులో రైతు వాటా ఎంత పోయినా తక్కువ కాదు.

సరిహద్దుకు అవతల తెలంగాణలోని అశ్వారావుపేట ఆయిల్ ఫెడ్ ఫ్యాక్టరీలో శాతం ఎక్కువ చూపితే, ఇవతల తక్కువెందుకని ఇక్కడి రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. నేల అదే, మొక్క అదే అన్నది వారి వాదన. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ తేడాను ఖజానా నుంచి భర్తీ చేయడానికి అంగీకరించింది. దాంతో రైతుకు ఊరట కలిగింది. కాని శాతం ఎందుకు తక్కువ వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

శాతం తగ్గడానికి రైతు వైపు నుంచీ కారణాలున్నాయి. పచ్చి గెలలు కోసినా, కోసిన గెలలు తోటలో ఉంచినా, రాలిన కాయలు ఏరకపోయినా నూనె తగ్గుతుంది. ఫ్యాక్టరీలో యంత్రాలు పాతబడినా, లారీలు గేటు ముందు నిలిచిపోయినా తగ్గుతుంది. ఎవరి లోపం ఎంతో తేలాలంటే పరీక్ష అందరి ఎదుట జరగాలి.

ఢిల్లీ సుంకం, పల్లెలో ధర

ధరను మరో చేయి కూడా కదుపుతుంది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. ఆపై గెల ధర పైకి లేచింది. 2025 మే 30న ఆ సుంకాన్ని 10 శాతానికి దించింది. నూనె కొనుక్కునే ఇంటికి అది ఉపశమనమే, గెల అమ్మే ఇంటికి దెబ్బ. పత్తి, మిరప రైతు మరుసటి ఏడాది పంట మార్చుకోగలడు. ఆయిల్ పామ్ రైతు మూడు నాలుగేళ్లు కాపు కోసం ఎదురు చూసి, పాతికేళ్లకు పైగా ఆ తోటతోనే బతకాలి.

2021లో రూ.11,040 కోట్లతో మొదలైన జాతీయ వంటనూనెల మిషన్‌లో దీనికి ఒక విరుగుడు రాసి ఉంది. ముడి నూనె ధరలో 14.3 శాతాన్ని కంపెనీ గెల ధరగా ఇవ్వాలి. అది ముందుగా లెక్కగట్టిన గిట్టుబాటు ధరకు తగ్గితే తేడాను ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. ఈ సూత్రం తెలిసిన రైతులు ఊరికి ఎందరున్నారో వెదుక్కోవలసిందే.

చేయవలసింది

కొత్త తోటలు వేయండని ప్రచారం సాగుతున్న వేళ ముందుగా ఈ లెక్కలు బయట పెట్టాలి. నూనె శాతం పరీక్షలో రైతు ప్రతినిధులు కూర్చోవాలి. పెదవేగిలోనే కేంద్ర ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. పరీక్షను దాని శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో జరిపించవచ్చు. నెలనెలా ముడి నూనె ధర, శాతం, గెల ధర ఎలా వచ్చిందీ రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయాలి. సేకరణ కేంద్రాల్లో కాటాలను తూనికల శాఖ తరచు తనిఖీ చేయాలి.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒకే గుమ్మానికి కట్టుబడమని చట్టం రైతును అడుగుతోంది కనుక, ఆ గుమ్మం లోపల జరిగే లెక్క చూసే హక్కు కూడా అతనికి ఇవ్వాలి.