బండి ఎత్తేయడం కాదు, కుళాయి పెట్టండి

వానాకాలం వచ్చిందంటే చాలు, కుటుంబ గ్రూపుల్లో ఆ వీడియో మళ్ళీ తిరుగుతుంది. పానీపూరీ పిండిని ఎవరో కాళ్ళతో తొక్కుతున్న వీడియో. ఏ ఊరిదో, ఏ ఏటిదో ఎవరికీ తెలియదు. కింద ఒక ఉపదేశం మాత్రం తప్పకుండా ఉంటుంది: "తల్లులారా, పిల్లలకి ఇంట్లోనే చేసి పెట్టండి." తొక్కేది ఎవడో మగవాడు, తినేది ఊరంతా, తప్పు మాత్రం ఇంట్లో బజ్జీలు వెయ్యని తల్లిది!

నాకు ఒళ్ళు మండేది అక్కడే. బయట తినేది ఎవరండీ? మనలాంటి వాళ్ళం సరదాకి తింటాం. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు, ఒక గదిలో నలుగురు సర్దుకునే హాస్టల్ అమ్మాయిలు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు, పెద్దాసుపత్రి బయట రోగి కోసం పడిగాపులు పడే వాళ్ళు... వీళ్ళకి ఇడ్లీ బండి సరదా కాదు, అదే వంటిల్లు. వాళ్ళకి ఇంట్లో వండుకోమని చెప్పి ఏం లాభం?

మా వీధి చివర ఒకావిడ ఇడ్లీ, పునుగులు వేస్తుంది. తెల్లవారకముందే రెండు ఇరవై లీటర్ల క్యాన్లు స్కూటీ మీద తెచ్చుకుంటుంది. చట్నీకి ఆ నీళ్ళే, తాగడానికి ఆ నీళ్ళే, ప్లేట్లకీ ఆ నీళ్ళే. నలభై లీటర్లతో వందమంది తిన్న ప్లేట్లు ఎలా కడుగుతారో చెప్పండి. ఒక బకెట్‌లో ముంచి, రెండో బకెట్‌లో ముంచి తీస్తారు. పది ప్లేట్లు దాటాక రెండు బకెట్లూ ఒకే రంగు. మనింట్లో ఒక్కపూట నీళ్ళు రాకపోతే సింకు ఎలా ఉంటుందో మనకి తెలియనిదా? కడగడానికి నీళ్ళు చాలకే కదా, చాలా బండ్ల దగ్గర ప్లేటు మీద పాలిథిన్ కవరు పరిచి సెగలు కక్కే ఇడ్లీ అందులో పెట్టేది! ఇక ఆవిడకి మరుగుదొడ్డి సంగతి అడక్కండి. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేదాకా మంచినీళ్ళు తాగదు. ఆశీలు వసూలు చేసేవాడు మాత్రం రోజూ ఠంచనుగా వచ్చి చీటీ చింపిస్తాడు.

నిజానికి మనం భయపడాల్సింది కళ్ళముందు సలసలా కాగే నూనెలోంచి తీసిన పునుగుకి కాదు. దాని పక్కనున్న చట్నీకి, కోసిపెట్టిన ఉల్లిపాయలకి, పానీపూరీ నీళ్ళకి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉన్న తిండిలో క్రిములు పెరుగుతాయి. మన వేసవిలో రోడ్డు మీద ఏది ఆ మధ్యలో ఉండదు కనక?

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 2006లో ఆహార భద్రత చట్టం వచ్చింది. దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు చిన్న బండ్లకీ వర్తిస్తాయి: రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, తాగే నీళ్ళే వాడాలి, చెత్తబుట్టకి మూత ఉండాలి. మంచిదే. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో మాత్రం ఎవరూ అడగరు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. అమ్ముకునే జోన్లలో కల్పించే సదుపాయాలకి వ్యాపారులు నిర్వహణ రుసుము కట్టాలని అందులో ఉంది. అంటే సదుపాయాలు ఉంటాయనే కదా చట్టం రాసినవాళ్ళు అనుకున్నది! ఊరూరా కమిటీ ఉండాలి, అందులో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. మీ ఊళ్ళో ఆ ఆడవాళ్ళు ఎవరో మీకు తెలుసా? మా ఊళ్ళో అడిగితే ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మరి జరిగేదేమిటి? 2024 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో మోమోలు తిని ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. ఒక మహిళ ప్రాణం పోయింది. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. సరైన పనే, కాదనను. కానీ ఒక ప్రాణం పోయేదాకా ఆగాలా? అదే ఏడాది మొదట్లో ట్రాఫిక్ పేరుతో కుమారి ఆంటీ బండి తీయించబోతే, యూట్యూబ్ పుణ్యమా అని ముఖ్యమంత్రే కల్పించుకున్నారు. ఆవిడ బండి నిలిచింది, సంతోషం. యూట్యూబ్‌లో లేనివాళ్ళ సంగతేమిటి?

అలాగని బండివాళ్ళందరూ అమాయకులని నేను అనను. నల్లబడ్డ నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేయించేవాళ్ళు, మంచూరియాకి బట్టలకి వేసే రంగు కలిపేవాళ్ళు ఉన్నారు. 2024లో కర్ణాటక రోడమిన్-బి రంగు వాడకూడదని ఆదేశించింది అందుకే. న్యూస్‌పేపర్లో బజ్జీ చుట్టివ్వడం ఇప్పటికే నిషేధం. తెలిసీ విషం పెట్టేవాడి మీద కేసు పెట్టాల్సిందే, బండి సీజ్ చెయ్యాల్సిందే. "పోనీలే, బీదవాళ్ళు" అని జాలిపడేవాళ్ళ మీదా నాకు కోపమే. ఆ బండి దగ్గర రోజూ తినేదీ బీదవాళ్ళేగా? కానీ కల్తీ వేరు, నీళ్ళు లేక పేరుకున్న మురికి వేరు. రెండోదానికి శిక్షవేసి ప్రయోజనం లేదు. ఇంకోమాట, అదే ఏడాది హైదరాబాదు తనిఖీల్లో పేరున్న రెస్టారెంట్ల వంటిళ్ళలోనూ బొద్దింకలు, గడువుతీరిన సరుకులు దొరికాయి. వాటికి కుళాయి లేదని సాకు కూడా లేదు.

ఇది కాని పనేం కాదు. సింగపూరు ఇప్పటంత ధనిక దేశం కానప్పుడే, 1960ల చివర్లో వీధి వ్యాపారుల్ని నమోదు చెయ్యడం మొదలుపెట్టింది. నీళ్ళు, కరెంటు, మురుగుకాలువ ఉన్న హాకర్ సెంటర్లు కట్టి 1986 కల్లా వాళ్ళని అందులోకి మార్చింది. 2020లో ఆ బండ్ల సంస్కృతినే యునెస్కో తన జాబితాలో చేర్చింది.

మేము సెంటర్లు అడగడం లేదు. మా వీధి చివర బండ్లు ఏడు, అవి నిలబడే చోటుకి ముప్ఫై అడుగుల దూరంలో మున్సిపల్ పైపు ఉంది. ఒక కుళాయి, ఒక చేతులు కడుక్కునే తొట్టి, తాళం వెయ్యని ఒక మరుగుదొడ్డి కావాలని వీధిలో పద్నాలుగు మంది ఆడవాళ్ళం సంతకాలు పెట్టి వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చాం. రసీదు నా దగ్గరే ఉంది. ఈసారి మీ గ్రూపులో ఆ తొక్కుడు వీడియో వస్తే, దానికి జవాబుగా మీ ఊరి అర్జీ ఫొటో పెట్టండి.