కెమెరా కబుర్లు: చివర నిలబడ్డ మనిషికి సరిపడే లెన్సు

తెలుగు సినిమాకి పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య గారు 1869లో బందరులో పుట్టారు. సినిమాల్లోకి దిగకముందు ఆయన మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన మనిషి. క్రోనోమెగాఫోన్ తెప్పించి ఊరూరా బొమ్మలు చూపించడం, 1921లో కుమారుడు ప్రకాష్ చేత "భీష్మ ప్రతిజ్ఞ" తీయించడం, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు. అంచేత సినిమా పత్రికలో స్టిల్ కెమెరా కబుర్లేమిటని ఎవరైనా మూతి విరిస్తే, మన సినిమాకి పుట్టిల్లే ఫోటో స్టూడియో అని జవాబు చెప్పేయండి!

ఈమధ్య బందరు, గుడివాడ, అవనిగడ్డ కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, అప్పో సప్పో చేసి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నాను. ఇప్పుడు జూమ్ లేని వైడ్ లెన్సు ఒకటి కొనాలి. 20 కొనమంటారా, 24 కొనమంటారా, 28నా, 35నా?" వీళ్లలో చాలామంది పెళ్లిళ్లకీ, ఓణీల వేడుకలకీ ఫోటోలు తీసి ఇల్లు గడుపుకునేవాళ్లే. ఒక్క లెన్సే కొనగలరు. రెండోది ఎప్పుడంటే... వచ్చే మాఘమాసంలో ముహూర్తాలు బాగా ఉంటే అప్పుడు! కాబట్టి నోటికొచ్చిన అంకె చెప్పి చేతులు దులుపుకోడానికి వీల్లేదు.

ముందు ఈ ఫుల్ ఫ్రేమ్ సంగతి చూద్దాం. ఇది సినిమా తల్లి కన్న బిడ్డే. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన సినిమా ఫిల్మునే చిన్న కెమెరాలో అడ్డంగా నడిపించి, సినిమా ఫ్రేముకి రెట్టింపు బొమ్మ వచ్చేట్టు చేశాడు. అడ్డం 36 మిల్లీమీటర్లు, నిలువు 24. ఆ కెమెరాయే 1925లో బజారులోకొచ్చిన లైకా. ఈనాటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఫిల్ము పోయి సెన్సారు వచ్చింది గానీ కొలత మాత్రం అదే.

ఇక్కడే మన సినిమా అభిమానులు తికమకపడతారు. "ఫలానా కెమెరామెన్ 25 లెన్సుతో తీశాడట, నేనూ అదే కొంటాను" అంటారు. ఆగండి! పాత 35 ఎం.ఎం. సినిమా ఫ్రేము అడ్డం సుమారు 22 మిల్లీమీటర్లే. అక్కడ 25 లెన్సు చూసినంత మేర మీ ఫుల్ ఫ్రేము మీద 41 లెన్సే చూస్తుంది. వాళ్ల 18 మీకు దాదాపు 29. ఇక సినిమాస్కోప్ లెన్సయితే అడ్డంగా రెండింతలు చూస్తుంది. 1974లో "అల్లూరి సీతారామరాజు"ని వి.ఎస్.ఆర్. స్వామి గారు మన తొలి తెలుగు స్కోపుగా తీశారు కదా, అలాంటి స్కోపులో 50 లెన్సు చూసే వెడల్పు కూడా మీ 41 దగ్గరికే వస్తుంది. అంకె ఒకటే అయినా చూపు ఒకటి కాదు. అదీ సంగతి!

మరి మన చూపు ఎంతో ఎలా తెలుస్తుంది? ఎక్కాలు వచ్చినవాళ్లెవరైనా చేసుకోగల లెక్క చెబుతాను. 36ని లెన్సు అంకెతో భాగించి, మీకూ మనుషులకీ మధ్య ఉన్న దూరంతో గుణించండి. ఎన్ని అడుగులొస్తే అంత వెడల్పు బొమ్మలోకి వస్తుంది. పది అడుగుల దూరంలో నిలబడితే 50 లెన్సుకి ఏడడుగులు, 35కి పదడుగులు, 28కి పదమూడు, 24కి పదిహేను, 20కి పద్దెనిమిది.

ఈ లెక్క వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. గుడివాడలో మా పాత ఇంటి వసారాలో, 1970ల మొదట్లో, ఒక పెళ్లినాడు తీసిన గ్రూపు ఫోటో ఉంది. ఫోటోగ్రాఫరు వీపు గోడకి ఆనించి నిలబడ్డా పదడుగుల దూరమే దొరికింది. కెమెరాకున్నది మామూలు 50 లెన్సు. ఎదుట వరసలో నిలబడ్డవాళ్లు ఎనిమిదడుగుల మేర ఉన్నారు. కుడిచేతి చివరన దివిసీమ నుంచి వచ్చిన మా చిన్న మేనత్త భర్త ఉన్నాడు. బొమ్మలో ఆయన సగం మొహమే పడింది. ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు, మళ్లీ తీయించుకోవచ్చులే అనుకున్నారు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు. ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. గార్లు జోలె పట్టి జనంలోకి వచ్చి విరాళాలు పోగుచేసింది ఆ ఉప్పెన బాధితుల కోసమే. ఇద్దరూ గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్లే కదా! మా అత్తయ్య బతికి బయటపడింది. మావయ్య దొరకలేదు. ఇల్లూ, పెట్టెలూ, పెళ్లి ఫోటోలూ అన్నీ నీళ్లపాలు. ఆయన రూపమంటూ మిగిలింది మా వసారా ఫోటోలోని ఆ సగం మొహమే.

తర్వాత ఎప్పుడో ఆ బొమ్మని పెద్దది చేయించి, రెండో సగం ఆర్టిస్టు చేత వేయిద్దామన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. "వద్దురా అబ్బాయ్. ఆ వేసే సగం మీ మావయ్యది కాదుగా" అంది. నేనింక మాట్లాడలేదు. ఆ ఫోటోగ్రాఫరు చేతిలో 35 ఉండి ఉంటే అదే గోడకి ఆనుకుని తీసినా మావయ్య నిండుగా వచ్చేవాడు.

"అయితే ఇంకా వైడుగా 20 కొనేస్తే పోలా?" అంటారేమో. అక్కడే ఉంది చిక్కు! వైడ్ లెన్సు అంచున పడ్డ గుండ్రటి తలని పక్కకి సాగదీస్తుంది. సరిగ్గా అంచుమీద ఉన్న తలని 35 లెన్సు నూటికి పన్నెండు వంతులు వెడల్పు చేస్తుంది. 28 పంతొమ్మిది వంతులు, 24 పాతిక, 20 అయితే ముప్పై అయిదు! ఇది ఖరీదైన లెన్సు కొంటే పోయే జబ్బు కాదు. సరళరేఖని సరళరేఖగా చూపించే ప్రతి లెన్సుకీ ఉన్న గుణమే. పెళ్లి ఫోటోలో చివర నిలబడేదెవరు? పెళ్లికూతురి పెదనాన్న, పెళ్లికొడుకు మేనమామ. వాళ్ల తలలు గుమ్మడికాయలైతే, ఆ ఇంట్లో మీకు రెండో పెళ్లి ఫోటోలు దక్కవు.

ఇక మనుషుల్ని వదిలి ప్రకృతి దగ్గరికి వెళదాం. హంసలదీవిలో సాగరసంగమం (విశ్వనాథ్ గారి సినిమా కాదు లెండి, కృష్ణమ్మ నిజంగా కడలిలో కలిసేచోటు) చూడగానే 20 లెన్సు మీద మనసు పోతుంది. తీసి చూడండి. పైన సగం ఆకాశం, కింద సగం ఇసక, మధ్యన దారంలాంటి గీత. మనది కొండల్లేని బల్లపరుపు సీమ. వంద అడుగుల దూరంలో నలభై అడుగుల తాటిచెట్టుంటే, కెమెరాని అడ్డంగా పట్టినప్పుడు 35 లెన్సులో అది బొమ్మ ఎత్తులో సగం దాటుతుంది. 24లో సగానికి కూడా రాదు, 20లో మూడోవంతు. ఇంత వైడుగా తీయాలంటే ముందర, చేతికందే దూరంలో ఏదో ఒకటి ఉండాలి. పడవ ముక్కో, వలల కుప్పో, గట్టుమీది గొడుగో. దగ్గర ఏం పెట్టాలో తెలియనివాడికి వైడ్ లెన్సు ఖాళీజాగాని కొనిపెడుతుంది, అంతే!

ఇంకో రహస్యం. మీ జేబులో ఉన్న ఫోనుంది చూశారూ, దాని ప్రధాన కెమెరా చూపు చాలా ఫోన్లలో 24, 26ల మధ్య ఉంటుంది. అంటే 24 మీ దగ్గర ఇప్పటికే ఉన్నట్టు! పెళ్లివారి చేతుల్లో కూడా ఉన్నట్టే. మీ ఫోటోకి వాళ్లు డబ్బులివ్వాలంటే వాళ్ల ఫోనులో రాని చూపు మీ కెమెరాలో ఉండాలి కదా?

కాబట్టి నా మాట ఇది. ఒక్క లెన్సే కొనేవాళ్లు 35 కొనండి. మీకొచ్చే బేరాలన్నీ ఇరుకిళ్లలో, చిన్న వసారాల్లో అయితే 28 కొనండి, కానీ చివరి మనిషికీ ఫ్రేము అంచుకీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదలండి. 24, 20 తర్వాత చూసుకోవచ్చు. అవి స్థలాలకి పనికొచ్చినంతగా మనుషులకి పనికిరావు. ఎఫ్ 1.4 కోసం అప్పు పెంచుకోకండి, 1.8 చాలు. 2.8 కంటే అది రెండింతలకు పైగా వెలుతురు తీసుకుంటుంది, రాత్రి ముహూర్తాలకి అక్కరకొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ లెన్సయితే వెనకనుంచి టార్చిలైటు కొట్టి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది బూజు, మారుమాట లేకుండా తిరిగిచ్చేయండి. మన డెల్టా తేమకి మంచి లెన్సుకి కూడా బూజు పడుతుంది. మూత బిగిసే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచండి. మంగినపూడిలో తీసినా, నాగాయలంకలో తీసినా, ఇంటికి రాగానే ఉప్పుగాలి తడిని మెత్తటి గుడ్డతో తుడవండి.

కొనేముందు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఎవరిదైనా జూమ్ లెన్సు వారం రోజులు అడిగి తెచ్చి, 35 దగ్గర టేపు అంటించి, ఇంక కదపకుండా తీయండి. తర్వాతి వారం 28 దగ్గర. తీసిన గ్రూపు ఫోటోలన్నీ ముందేసుకుని, నడిమధ్య వాళ్లని కాదు, రెండు కొసల్లో ఉన్నవాళ్లని చూడండి. వాళ్లు వాళ్లలాగే ఉన్న లెన్సు ఏదో, దానికే డబ్బు పెట్టండి.