ఇంటిపన్ను రశీదు తీసి చూడండి

ఇంటికెళ్లగానే ఇంటిపన్ను రశీదు తీసి చూడండి. ఎవరూ పట్టించుకోని పద్దు ఒకటి అందులో ఉంటుంది: గ్రంథాలయ పన్ను, అదే లైబ్రరీ సెస్సు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. 2,000 రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా 160 రూపాయలు లైబ్రరీకి ఇస్తోంది. ఆ ఇంట్లోవాళ్లు జన్మలో లైబ్రరీ గడప తొక్కకపోయినా ఇస్తూనే ఉంది. మన ఊరి శాఖా గ్రంథాలయం ఎవరి దయాధర్మమూ కాదు. అది సరిగా నడవకపోతే అడగాల్సిందీ మనమే.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు వ్యాసరచన పోటీలుంటాయి, ముగ్గుల పోటీలుంటాయి. ఉండనివ్వండి, మంచిదే. ఈ ఏడు పెద్దవాళ్లం కూడా ఒక పని నెత్తికెత్తుకుందాం.

ఎందుకంటారా? తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. కొత్త జిల్లాకు కొత్త గ్రంథాలయ సంస్థ పెట్టాలా, పాత ఉమ్మడి సంస్థే మేలా, చిన్న శాఖల్ని పక్కవాటిలో కలిపేయాలా? ఇలాంటివి తేలేది ఆఫీసు గదుల్లో. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దాయన్నీ, పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయినీ పిలిచి అడిగేవాళ్లుండరు. పిలవకపోయినా వెళ్లి చెప్పాలి మనం.

కలపడం పాపమేమీ కాదు. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు 1898లో పెట్టిన వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం కలిసే కదా గౌతమీ గ్రంథాలయమైంది! ఏం కలపాలన్నదే తెలుసుకోవాలి. పుస్తకాల కొనుగోలు, జాబితా, లెక్కలు జిల్లా అంతటికీ ఒక్కచోట ఉంటే ఒక శాఖలో లేని పుస్తకం ఇంకో శాఖ నుంచి తెప్పించుకోవచ్చు. తలుపు మాత్రం ఊళ్లోనే తెరిచి ఉండాలి. పేపరు చదవడానికి బస్సెక్కి పొరుగూరు ఎవరు వెళతారు? ముందు మానేసేది ముసలివాళ్లు, ఆ తర్వాత ఆడపిల్లలు. ఇది గ్రహించబట్టే పాతూరి నాగభూషణం గారు, పెదపాలెం మిత్రులు 1935లో పుస్తకాల్ని పడవకెక్కించి కాలువ వెంట ఊరూరా తిప్పారు. ఇప్పుడు ఊళ్లో ఉన్న గదికి తాళం వేద్దామంటున్నారంటే ఆ పడవను ఒడ్డుకు లాగి బోర్లించినట్టే.

ఇక పెత్తనం సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్ను వసూలు పంచాయతీ, మునిసిపాలిటీల చేతిలో ఉంది. ఖర్చు జిల్లా గ్రంథాలయ సంస్థ చేతిలో. చైర్మన్‌ను వేసేది ప్రభుత్వం. ఇన్ని చేతులు మారే డబ్బు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. వసూలైన సెస్సు సంస్థకు చేరకుండా బకాయి పడటం ఏళ్లనాటి జబ్బు. అంతా ప్రభుత్వ శాఖకే అప్పగించమనేవాళ్లున్నారు. అప్పుడు పగిలిన కిటికీ గోడు రాజధాని దాకా మోయాలి. పంచాయతీకే వదిలేయమనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు పుస్తకాల డబ్బు వీధిలైట్లలో కలిసిపోతుంది. నామట్టుకు నాకు జిల్లా సంస్థే నయమనిపిస్తుంది. కాకపోతే అందులో పాఠకులు ఎన్నుకున్న మనిషి ఉండాలి. వసూలైన సొమ్ము ఆ నెలలోనే సంస్థ ఖాతాలో పడాలి. ఏ ఊరు ఎంతిచ్చిందో, ఆ ఊరి శాఖకు ఎంత తిరిగొచ్చిందో గోడమీద రాసిపెట్టాలి.

1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు సెస్సూ లేదు, చట్టమూ లేదు. నిజాం ఏలుబడిలో తెలుగు మాటకే చోటు కరువైన హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టారు. ఏ ఆసరా లేనివాళ్లు అంత చేశారు. చట్టం ఉండి, పన్ను కడుతూ కూడా బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోలేమా మనం?

కదలండి. ఈ వారంలోనే లైబ్రరీకి వెళ్లి సభ్యత్వం తీసుకోండి. ఒక్కరే వెళ్లకండి, వీధిలో నలుగుర్ని వెంటబెట్టుకెళ్లండి. అక్కడి లైబ్రేరియన్ మీద మాత్రం విరుచుకుపడొద్దు, ఆయనా మనలాగే డబ్బు కోసం ఎదురుచూస్తున్నవాడే. కావాల్సిన పుస్తకాల పట్టీ ఆయనతో కలిసి కూర్చుని రాయండి. ఈసారి గ్రామసభలో లేచి నిలబడి సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని అడగండి. నోటిమాట చాలదు, కాగితం మీద ఇమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రాయడం రాదంటారా, పరీక్షలకు చదువుకునే పిల్లలు లైబ్రరీలోనే ఉంటారు, రాసిపెడతారు.

20న ముగింపు సభ. వేదిక మీద ఎవరు కూర్చోవాలో నిర్వాహకులు చూసుకుంటారు. మనం రశీదులు జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చుందాం.