చెక్కముక్కకు సేవ

కజ్జికాయల చెక్క ఎరగని తెలుగింటి వంటగది అరుదు. ఒత్తేది అత్తగారైనా కొత్తకోడలైనా కజ్జికాయ మాత్రం ఒక్క కొలతకే వస్తుంది. కొలత మనిషి చేతిలోంచి చెక్కలోకి పోయింది మరి! వర్కుషాపుల్లో ‘జిగ్గు’ అనేది చేసే పనీ ఇదే. 1785లో ఫ్రాన్సులో ఒక తుపాకుల పనివాడు ఇలాంటి అచ్చులతో చేసిన తుపాకీ భాగాలను విడదీసి ముందు పెడితే, అమెరికా జెఫర్సన్ చేతికందినవి ఏరి తానే బిగించి చూశాడట. అన్నీ అతికాయి.

నా పని అంత ఘనమైనది కాదు, పుస్తకాల బీరువా. కాని పక్కపలకలు రెండూ పడగొట్టిన తాతగారి ఇంటి టేకువి. ఒక్కటి చెడినా మూడోది ఎక్కణ్ణుంచీ రాదు. అరలు పైకీ కిందికీ మార్చుకోవాలంటే పలకకు రెండు వరుసలు, వరుసకు 12 బెజ్జాలు, వెరసి 48. టేపు పట్టుకుని 48 సార్లు గీస్తే ఎక్కడో ఒకటి జరక్క మానదు. అప్పుడు అర మూడు చీలల మీద కూర్చుని నాలుగోదాని మీద కుంటుతుంది.

అందుకని నాలుగంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న చెక్కముక్క తీసుకుని, సరిగ్గా నడిమిగీత మీద రెండేసి అంగుళాల ఎడంలో 12 బెజ్జాలు నిటారుగా వేశాను. దీనికి ఒక పూట పట్టింది. మా వీధి వడ్రంగి చూసి, “బాబూ, తమరు బీరువా చేస్తున్నారా, చెక్కముక్కకు సేవ చేస్తున్నారా?” అన్నాడు.

ఈ ముక్కను పలక అంచుకూ అడుగుకూ సమంగా ఆనించి బిగించాలి. దాని బెజ్జాల్లోంచే పలకకు బెజ్జాలు వేయాలి. మొదటిది పడగానే అందులో సరిపోయే మేకు దించితే ఇక కదలదు. బెజ్జాలు నడిమిగీత మీద ఉన్నాయి కనుక ముందంచుకూ వెనకంచుకూ, ఎడమ పలకకూ కుడి పలకకూ ఒక్కటే చాలు. తమాషా ఏమిటంటే, జిగ్గులో ఎడం వెంట్రుకవాసి తప్పినా ఫరవాలేదు. నాలుగు వరుసల్లోనూ అదే తేడా వస్తుంది, అర మట్టంగానే ఉంటుంది. తలకిందులుగా పెట్టారో, ఆ లాభం కాస్తా పోయినట్టే!

పలక మందం అంగుళమే. బరమా ముల్లుకు చెక్కతొడుగు తొడిగి ఒకటింబావు అంగుళం మాత్రం బయటికి ఉంచాను. ముప్పావు జిగ్గుకు పోగా, పలకలోకి దిగేది అర అంగుళం.

అరలన్నీ ఒకే పొడవు కోయడానికి బల్ల మీద అడ్డుముక్క బిగిస్తే సరి. దాని కింది మూల కాస్త చెక్కివేయండి. లేకుంటే రంపంపొట్టు అక్కడ చేరి ప్రతి చెక్కా పిసరు కురచవుతుంది.

జిగ్గును చూస్తే ఎవరికైనా పుల్లముక్కలాగే ఉంటుంది. మా ఇంట్లో ఇంకా వేణ్ణీళ్ళ పొయ్యి ఉంది. అందుకే దానికి ఎర్రరంగు పూసి, ‘అడుగు ఇటు’ అని రాసి, అందనంత ఎత్తున మేకుకు తగిలించాను.