బోర్డు చూసి మురిస్తే చాలదు

ఇప్పుడు పెద్ద ఊళ్లలోనూ ‘మాంటిస్సోరి’ బోర్డులు వెలుస్తున్నాయి. కొన్నింటిలో మూడేళ్ల పసివాళ్లు కదలకుండా కూర్చుని ఎ బి సి డిలు వల్లె వేస్తున్నారు. ఆ పేరుకు ఇది తగని పని.

రోమ్ నగరంలో శాన్ లోరెంజో పేదల పేట. తల్లిదండ్రులు పనికిపోతే పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ల యాజమాన్యం బాధ. వారి కోసమే 1907 జనవరి 6న డాక్టర్ మరియా మాంటిస్సోరి ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. చేరింది దాదాపు 50 మంది. చేతులు కడుక్కోవడం, బొత్తాలు పెట్టుకోవడం, గది ఊడవడం అక్కడి తొలి పాఠాలు. పిల్లలను శుభ్రంగా పంపడం తల్లుల బాధ్యత. బడి ఆ భవనంలోనే గనుక వారు ఎప్పుడైనా వచ్చి చూసేవారు. అక్షరాలు నేర్పమని అడిగిందీ చదువురాని ఆ తల్లులే. గరుకు అక్షరాలను వేలితో తడిమిన పిల్లలు ఏడాది తిరిగేసరికి రాయసాగారు. బెత్తం అక్కరలేకపోయింది.

వల్లె వేయకపోతే పిల్లవాడు వెనకబడతాడని తల్లిదండ్రుల భయం. ఆ భయానికి శాన్ లోరెంజోయే జవాబు. దీనికి పెద్ద ఫీజులూ అక్కరలేదు. ఊరి అంగన్‌వాడీకి తల్లులు నెలకొకసారి వెళ్లి గంటసేపు కూర్చుని చూస్తే సగం మార్పు వచ్చినట్లే. మిగతా సగం పంచాయతీ పెద్దలు చూడాలి.