ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలదు

2024 జూలై 19, శుక్రవారం. హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఢిల్లీలో విమానాల వేళలు తెల్లబోర్డు మీదికెక్కాయి. కారణం: క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. సంస్థ 78 నిమిషాల్లోనే ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. కానీ పడిపోయిన యంత్రాలు లేవలేదు. రీస్టార్ట్ కావడం, అదే ఫైలును చదవడం, మళ్లీ కూలడం. చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ మనిషి వెళ్లి ఆ ఫైలును తొలగించాల్సి వచ్చింది.

ఆ రోజు చెడింది సాఫ్ట్‌వేర్. అయితే అది లేవనెత్తిన ప్రశ్న పాతదే. ఒక భాగం పాడైతే యంత్రమంతా ఎందుకు కూలాలి? ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను రాసేవారు హార్డ్‌వేర్ విషయంలో దశాబ్దాలుగా ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతున్నారు. డిస్కు జవాబివ్వదు. నెట్‌వర్క్ కార్డు మొండికేస్తుంది. గ్రాఫిక్స్ చిప్ మధ్యలో బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు మొత్తం యంత్రాన్ని రీస్టార్ట్ చేయడమంటే ఎలుకల బాధ పడలేక ఇంటిని తగలబెట్టుకోవడమే.

అందుకే కెర్నెల్ మెట్టు మెట్టుగా వెళుతుంది. లైనక్స్‌లో హార్డ్‌డిస్కుకు పంపిన ఆదేశానికి మామూలుగా 30 సెకండ్ల గడువుంటుంది. జవాబు రాకపోతే ముందు ఆ ఒక్క ఆదేశాన్ని రద్దు చేస్తుంది. ఫలితం లేకపోతే ఆ డిస్కును రీసెట్ చేస్తుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, చాలా డిస్కులను ఒకేసారి నడిపే కంట్రోలర్ కార్డు దాకా వెళుతుంది. చివరికి ఆ డిస్కును పక్కన పెట్టి మిగతా యంత్రాన్ని నడిపిస్తుంది. ఈ జాగ్రత్త ఊరికే కాదు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఏ తప్పూ చేయని పరికరాల పని కూడా ఆగుతుంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా ఇదే సూత్రాన్ని గ్రాఫిక్స్‌కు తెచ్చింది. చిప్ 2 సెకండ్లు స్పందించకపోతే దాన్నొక్కదాన్నే రీసెట్ చేసి, తెర మీద ఒక సందేశం చూపించి సాగిపోయింది.

ఐబీఎం పవర్ సర్వర్లు ఇంకో అడుగు ముందుకేశాయి. కార్డులో తేడా కనిపించిన మరుక్షణం హార్డ్‌వేరే ఆ స్లాట్‌ను స్తంభింపజేస్తుంది. అక్కడినుంచి చెడిన సమాచారం మెమరీలోకి చేరదు. బ్యాంకు సర్వర్ ఆగిపోతే కొంతసేపు ఇబ్బంది. తప్పుడు అంకె రాసుకుంటే అసలు ప్రమాదం. తర్వాత కెర్నెల్ ఆ స్లాట్‌ను రీసెట్ చేసి కార్డును మళ్లీ పనిలో పెడుతుంది. గంటలో 5 సార్లకు మించి అదే తంతు జరిగితే మాత్రం ఆ కార్డును శాశ్వతంగా పక్కన పెడుతుంది.

రాజ్యాంగం చదివినవారికి ఈ తర్కం కొత్త కాదు. 356వ అధికరణం కింద రాష్ట్ర ప్రభుత్వాన్ని తొలగించడం కూడా ఒక రీసెట్టే. అది అరుదుగా, తగిన ఆధారాలతో, కోర్టు సమీక్షకు లోబడి వాడాల్సిన అస్త్రమని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్ద అధికారం చేతిలో ఉన్నంత మాత్రాన ముందు దాన్నే వాడకూడదన్నది రెండు చోట్లా నీతి.

అయితే కెర్నెల్ ఒక్కటే ఈ పని చేయలేదు. రీసెట్ తర్వాత పరికరాన్ని ఏ స్థితికి తేవాలో దాని డ్రైవర్‌కే తెలుసు. డ్రైవర్‌లో ఆ భాగం రాయకపోతే సాఫీగా కోలుకునే దారి ఉండదు. పైగా అది ఎప్పుడో గాని నడవని కోడ్. రోజూ నడిచే కోడ్‌లో తప్పులు త్వరగా బయటపడతాయి. ఆపద రోజున మాత్రమే నడిచే కోడ్‌లో తప్పులు ఆపద రోజునే బయటపడతాయి. అందుకే కావాలని తప్పులు సృష్టించి పరీక్షించే సాధనాలు లైనక్స్‌లో ఉన్నాయి.

ఇది ఇంజనీర్ల గొడవ అని వదిలేయడానికి లేదు. మెటా సంస్థ తన లామా 3 ఏఐ నమూనాకు 16,384 జీపీయూలతో శిక్షణ ఇచ్చినప్పుడు 54 రోజుల్లో 419 సార్లు అనుకోని అంతరాయాలు వచ్చాయి. అంటే సగటున 3 గంటలకొకటి. వాటిలో 148కి కారణం జీపీయూల లోపాలే. అయినా మనుషులు గట్టిగా కల్పించుకోవాల్సి వచ్చింది 3 సార్లే. మిగతావన్నీ యంత్రాలే చక్కదిద్దుకున్నాయి.

భారత్ కూడా ఇప్పుడు ఇదే బాటలో ఉంది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 10,372 కోట్ల రూపాయల ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద సమకూరిన జీపీయూల సంఖ్య 2025లో 34 వేలు దాటింది. పరిశోధకులు, చిన్న సంస్థలు వాటిని గంటల లెక్కన రాయితీపై అద్దెకు తీసుకుంటారు. కార్డు బిగుసుకుపోతే కరిగిపోయేది వారి గంటలే, ప్రజల డబ్బే. ఈ చిప్‌లలో సింహభాగం మార్కెట్‌ను ఏలుతున్న ఎన్విడియా 2022లో తన లైనక్స్ కెర్నెల్ డ్రైవర్ సోర్స్‌ను బయటపెట్టింది. కానీ చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ మూసిన పెట్టెగానే ఉంది. కోలుకునే తాళంచెవి సగం తయారీదారు జేబులోనే ఉందన్నమాట.

అందువల్ల ఎన్ని కొన్నామన్నది సగం లెక్కే. చెడినప్పుడు ఏది ఆగుతుంది, ఎంతసేపట్లో లేస్తుంది, ఆ పరీక్ష ఎవరి ఎదుట చేసి చూపించారు అన్నవి టెండర్ దశలోనే అడగాల్సిన ప్రశ్నలు. అప్పుడు అడగకపోతే, జవాబులు మరో శుక్రవారం నాడు తెల్లబోర్డు మీద వెతుక్కోవాల్సి ఉంటుంది.