కోట చుట్టూ సైకిల్ యాత్ర: పల్లెలకూ పిలుపు ఉండాలి

వరంగల్, హనుమకొండ వీధులలో ఆదివారం తెల్లవారుజామున సైకిళ్లపై గుంపులుగా సాగిపోయేవారు ఇటీవలి కాలంలో కనిపిస్తున్నారు. ఆరోగ్యం కోసం కొందరు, కాలక్షేపం కోసం కొందరు. సంతోషించవలసిన విషయమే. అయితే ఈ సైకిళ్లు వారం వారం ఒక పద్ధతిగా, పైసా రుసుము లేకుండా, నగరంలోని చారిత్రక స్థలాల మీదుగా సాగాలి. వాటి వెంట పల్లె ప్రజలకు కూడా చోటు ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరంలో 1974 నుంచి ఆదివారాలు పెద్ద వీధులను మోటార్లకు మూసి సైకిళ్లకు, పాదచారులకు వదులుతున్నారు. అంత దూరం పోనక్కరలేదు. నగరాలను సైకిలుకు అనువుగా మార్చాలని కేంద్ర ప్రభుత్వం 2020లో పెట్టిన పోటీలో చివరకు నెగ్గిన 11 నగరాలలో వరంగల్ ఒకటి. నగరానికి కోటి రూపాయల చొప్పున ప్రోత్సాహకం ప్రకటించారు. ఆ పేరు నిలబెట్టుకునే పని ఇంకా చాలా ఉన్నది.

పత్తి, మిర్చి అమ్ముకోవడానికి ఎనుమాముల మార్కెట్టుకు వచ్చిన రైతు కాంటా కోసం బస్తాల మీదే రాత్రి గడుపుతాడు. కోట అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఖిలా వరంగల్‌లో అడుగు పెట్టనివారు ఎందరో! ఆస్పత్రికి వచ్చినవారూ, కోర్టు వాయిదాకు వచ్చినవారూ అంతే. పని కాగానే బస్సుకు పరుగు. నర్సంపేట వైపు రైతులు పాకాల చెరువు నీటితో నాట్లు వేస్తారు. ఆ చెరువు వెలసిన గణపతిదేవుని కాలంలోనే ఈ రాతికోట గోడలు లేచాయి. కుమార్తె రుద్రమదేవి వాటిని మరింత ఎత్తు చేయించింది. చెరువు మనదైనప్పుడు కోట పరాయిది ఎట్లా అవుతుంది?

ఈ ఊరు చూడడానికి సైకిలే తగిన బండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి దగ్గర బయలుదేరవచ్చు. శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే చోట కొలువైన త్రికూటాలయం అది. విడదీసిన దాని కల్యాణ మండపాన్ని ఏళ్ల తరబడి పనులు సాగిన తర్వాత 2024లో తిరిగి తెరిచారు. దగ్గరలోనే పద్మాక్షి గుట్ట, దానిపై జైనుల నాటి బసది, 1117 నాటి శాసనం. ఆపైన భద్రకాళి చెరువు. ఆటోలో పోతే ఇవేవీ కంటికి ఆనవు. నడిచిపోతే సగం దారికే ఎండ ఎక్కుతుంది. సైకిలు మీద మనిషి కోరిన చోట ఆగగలడు, పక్కవానితో ముచ్చటించగలడు.

కోట దగ్గరకు వచ్చాక సైకిలు విలువ మరీ తెలుస్తుంది. చాలామంది కీర్తితోరణాల నడుమ ఫొటో దిగి, ఖుష్ మహల్ చూసి తిరిగిపోతారు. వారు చూసింది కోట నడిబొడ్డు మాత్రమే. రాతిగోడ సుమారు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా తిరుగుతుంది. దాని చుట్టూ కందకం. ఇంకా అవతల దాదాపు రెట్టింపు అడ్డుకొలతతో మట్టికోట. లోపల ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. రాతిగోడ చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దర్వాజాలలో దారి సూటిగా పోదు, మలుపులు తిరిగి లోపలికి చేరుతుంది. శత్రువు గుర్రాలు ఒక్క ఊపున చొరబడకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇంత కోటా 1323లో ఢిల్లీ సైన్యాల ముట్టడికి లొంగింది.

మట్టికోటను చూసి ఏదో దిబ్బ అనుకునేవారే ఎక్కువ. దిబ్బ అనుకున్నదాన్ని తవ్వడానికి, దాని మీదికి జరగడానికి ఎవరికీ చెయ్యి వణకదు. వారం వారం యాభై మంది దాని వెంట తిరుగుతుంటే పలుగు పడిన చోటు దాగదు. పురావస్తు శాఖ వారు ఒక్కరే కాపలా కాయగల కోట కాదిది.

ఇక లోటుపాట్లు. ఐదున్నరకు బయలుదేరే యాత్రకు పల్లె నుంచి ఎవరు రాగలరు? మొదటి బస్సు వచ్చేదాకా ఆగి, ఎనిమిదికి కదలాలి. కబురు సెల్‌ఫోన్ బృందాలలోనే తిరిగితే చాలదు, బస్టాండులోనూ మార్కెట్ యార్డులోనూ బోర్డు పెట్టాలి. బస్సులో వచ్చినవారి కోసం నగరపాలక సంస్థ ఇరవై సైకిళ్లయినా సిద్ధంగా ఉంచాలి. పంక్చర్లు వేసే మనిషి వెంట ఉండాలి. గేర్ల సైకిళ్లు ముందుకు దూసుకుపోతే ఊరి పాత సైకిలు చౌరస్తాలో ఒంటరిగా మిగులుతుంది, కాబట్టి అందరికన్నా వెనక ఉన్నవారి వేగమే గుంపు వేగం కావాలి. తొక్కడం మాత్రం మనకెవరూ నేర్పనక్కరలేదు. బార్ కింద నుంచి కాలు దూర్చి, మోకాళ్లు చీరుకుని నేర్చుకున్నవాళ్లమే!

చరిత్ర చెప్పడానికి కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులను, కోటలో పుట్టి పెరిగిన పెద్దలను అడగవచ్చు. తోరణాల ఆవరణకు పురావస్తు శాఖ టికెట్టు ఉన్నది, పదిహేనేళ్లలోపు పిల్లలకు అది లేదు. పెద్దల టికెట్టు ఖర్చు ఎవరు భరించాలో ముందే తేల్చుకోవాలి. ఉచితమని పిలిచి గేటు దగ్గర జేబు తడమనీయడం మర్యాద కాదు.

ఎండలు ముదిరాక మొదలుపెట్టి ప్రయోజనం లేదు. పత్తి బస్తాలు ఎనుమాములకు దిగే నాటికి యార్డు గేటు దగ్గర ఆ బోర్డు కనిపించాలి.